పై అర అందడం లేదన్నారే, ముందు దాని సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 66. రెండేళ్ల క్రితం ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీస్తే వెన్ను టీ-స్కోరు మైనస్ 3.1, తుంటిది మైనస్ 2.6 వచ్చింది. ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు అన్నారు. అప్పట్నించీ వారానికో అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర, రోజూ కాల్షియం వేసుకుంటున్నాను. మొన్న మళ్లీ స్కాన్ తీయించుకుంటే వెన్ను మైనస్ 3.0, తుంటి అంతే. రెండేళ్లు మింగితే ఇంతేనా అని నీరసం వచ్చేసింది. డాక్టరు గారు ఇంజెక్షన్‌కి మారదామా అంటున్నారు. ఆరు నెలలకొకటి, ఏడాదికొకటి, రోజూ పొడుచుకునేది, ఇలా మూడు రకాలు చెప్పారు. మా వదిన ఆరు నెలల ఇంజెక్షన్ చేయించుకుంటోంది, చాలా బాగుందంటుంది. మా అబ్బాయేమో ఈ మందులతో దవడ ఎముక పాడవుతుందట, తొడ ఎముక దానంతటదే విరుగుతుందట, అన్నీ మానేసి వ్యాయామం చెయ్యి అంటాడు. థైరాయిడ్ మాత్ర పదేళ్లుగా వాడుతున్నాను. ఏడాదిగా గ్యాస్ మాత్ర కూడా రోజూ వేసుకుంటున్నాను. నొప్పులేమీ లేవు. వంటింట్లో పై అర ఈ మధ్య అందడం లేదు, అంతకు మించి ఇబ్బంది లేదు. ఏం చెయ్యమంటారు?
ఓ పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాటని చివర్లో, అదేదో లెక్కలోకి రాదన్నట్టు రాశారు. అర పైకి జరగదు, చెయ్యి పొట్టి కాదు. భుజం పట్టేసి చెయ్యి లేవకపోతే అది వేరే సంగతి. చెయ్యి బాగానే లేస్తున్నా వేళ్లు అందడం లేదంటే మాత్రం తగ్గింది మీ ఎత్తేమో చూడాలి.

ఇవాళే ఒక పని చేయండి. చెప్పులు విప్పి, మడమలు గోడకి ఆనించి, నిటారుగా నిలబడండి. తల మీద ఓ పుస్తకం అడ్డంగా పెట్టించి, అది గోడకి తగిలిన చోట మీ అబ్బాయి చేత పెన్సిల్‌తో గీత గీయించండి. టేపుతో కొలవండి. పాత మెడికల్ సర్టిఫికెట్‌లోనో మరే కాగితంలోనో వయసులో ఉన్నప్పటి మీ ఎత్తు ఉంటే దాంతో పోల్చండి. అప్పటికీ ఇప్పటికీ 4 సెంటీమీటర్లో ఆ పైనో తేడా ఉంటే, లేదా ఈ ఒకటి రెండేళ్లలోనే 2 సెంటీమీటర్లు తగ్గితే, వెన్నుపూసల్లో ఏదో ఒకటి కుంగిందేమో అనుమానించాలి. నొప్పి లేదు కాబట్టి విరగలేదు అనుకోకండి. వెన్నుపూస విరగడాల్లో మూడింట రెండు వంతులు మనిషికి తెలియకుండానే జరిగిపోతాయి. పడక్కర్లేదు, దెబ్బ తగలక్కర్లేదు. వంగి బకెట్ ఎత్తినప్పుడు నడుం కలుక్కుమంటుంది, రెండు రోజులు పట్టేసినట్టుంటుంది, తగ్గిపోతుంది. దాన్ని ఎవరూ ఎముక విరగడం అనుకోరు.

అందుకే ఏ ఇంజెక్షన్ అన్న చర్చకి ముందు వెన్నుకి పక్కనుంచి ఒక ఎక్స్‌రే తీయించండి. డెక్సా మెషీన్లు కొన్నిటిలో అక్కడే వెన్నుపూసల ఆకారం చూసే సదుపాయం ఉంటుంది, అదైనా సరే. ఇది నా చాదస్తం అనుకున్నా పర్లేదు. ఆ ఫిల్ములో ఏముందన్న దాన్ని బట్టి మీకు మంచి మందు ఏదన్నదే మారిపోతుంది.

ఇక మీకు నీరసం తెప్పించిన నెంబరు. టీ-స్కోరు అంటే మీ ఎముక సాంద్రత ఆరోగ్యంగా ఉన్న పడుచు వయసువాళ్ల సగటుకి ఎంత దిగువన ఉందన్న లెక్క. మైనస్ 2.5, అంతకంటే తక్కువ ఉంటే ఆస్టియోపొరోసిస్ అంటారు. మైనస్ 3.1 నించి మైనస్ 3.0 అంటే ఎముకలో ఒకటిన్నర శాతం తేడా ఉంటుందేమో. అదే మనిషిని బల్ల మీంచి దింపి, మళ్లీ పడుకోబెట్టి తీసినా అంత తేడా రావచ్చు. మామూలుగా వెన్నులో 3 నించి 5 శాతం మారితేనే నిజంగా మారింది అంటాం. కాబట్టి మీ స్కోరు మెరుగుపడిందనీ అనలేం, పాడైందనీ అనలేం. నిలకడగా ఉంది, అంతే. పోల్చేటప్పుడు టీ-స్కోరు కాకుండా, రిపోర్టులో చదరపు సెంటీమీటరుకి ఇన్ని గ్రాములు అని ఉంటుందే, ఆ అంకె చూడాలి. అదీ రెండుసార్లూ ఒకే మెషీన్ మీద తీసి ఉంటేనే.

మా అమ్మ విషయంలో నేనే ఓ వారం టెన్షన్ పడ్డాను. రెండో స్కాన్ ఇంకో సెంటర్లో తీయించాం, వెన్ను స్కోరు ఏకంగా 0.4 పడిపోయింది. మందు మార్చేద్దామని నేను, ఇంజెక్షన్లు వద్దని ఆవిడ. తీరా రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిదాంట్లో నడుము భాగంలోని నాలుగు పూసలూ లెక్కేశారు, రెండోదాంట్లో మూడే. మెషీన్ కంపెనీ కూడా వేరు. అమ్మ ఎముకలకేమీ కాలేదు. రిపోర్టులో అడుగున ఉండే నెంబరొక్కటే చూసి కంగారుపడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మీ స్కోరులో ఇంకో మెలిక ఉండే వీలుంది. పూస కుంగితే అందులోని ఖనిజం అంతే ఉంటుంది, అది పరుచుకున్న జాగా తగ్గుతుంది. మెషీన్‌కి అది గట్టి ఎముకలా కనిపిస్తుంది. వయసు మీద వెన్నులో పెరిగే ఎముక ముళ్లు కూడా స్కోరుని లేని గొప్పకి లేపుతాయి. కాబట్టి వెన్ను 0.1 పెరిగిందన్న సంతోషం కూడా ఎక్స్‌రే చూసేదాకా వాయిదా వేసుకోవలసిందే.

మరి మాత్ర పనిచెయ్యనట్టేనా? కాదు. మన ఎముకని కొన్ని కణాలు తవ్వుతుంటాయి, కొన్ని ఆ గుంతల్ని నింపుతుంటాయి. నెలసరి ఆగాక తవ్వకం పెరుగుతుంది, నింపడం దానికి సరితూగదు. అలెండ్రోనేట్ చేసేది తవ్వేవాటికి పగ్గం వెయ్యడం. కారుతున్న కుండకి చిల్లు పూడ్చడం లాంటిదన్నమాట. పూడిస్తే ఉన్న నీళ్లు నిలుస్తాయి, కుండ నిండదు. సరిగ్గా వేసుకున్నవాళ్లకి మొదటి రెండు మూడేళ్లలో వెన్నులో నాలుగైదు శాతం పెరగడం మామూలే, కానీ పెరగనివాళ్లకీ లాభం ఉంటుంది. ఈ మందు మీద 1990లలో జరిగిన పెద్ద పరిశోధనలో, అప్పటికే వెన్నుపూస విరిగి ఉన్న ఆడవాళ్లలో కొత్తగా పూసలు విరగడం దాదాపు సగానికి తగ్గింది. ఆ పరిశోధన లెక్కల్నే తర్వాత తిరగేస్తే, మాత్ర వేసుకుంటూ కూడా సాంద్రత కొద్దిగా తగ్గినవాళ్లకి సైతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే వెన్నుపూసలు తక్కువగా విరిగాయి. మనం మాత్ర వేసుకునేది ఎముక విరక్కుండా ఉండటానికి, స్కోరు కోసం కాదు. మందు ఏమీ లేకుండా ఈ వయసులో రెండేళ్లు గడిస్తే మామూలుగా ఎముక ఇంకొంచెం తరుగుతుంది. మీకు తరగలేదు.

అయితే అసలు ఆ మాత్ర మీ ఒంట్లోకి వెళ్తోందా అన్నది ఇంకో ప్రశ్న. ఇది మహా మొండి మందు. అన్ని జాగ్రత్తలూ తీసుకుని మింగినా నూటికి ఒక పాలు కూడా రక్తంలోకి చేరదు. పాలు, కాఫీ, టీ, కాల్షియం, ఏది దాంతో కలిసినా ఆ కాస్తా పోతుంది. ఒకావిడ మందు కడుపులో మంట పెడుతుందేమోనని ఏడాది పాటు అరగ్లాసు గోరువెచ్చని పాలతో వేసుకున్నారు. వారం తప్పకుండా, ఎంతో శ్రద్ధగా. ఆ ఏడాదంతా వృథా. మీరు పొద్దున్న లేవగానే పరగడుపున, ఒక పెద్ద గ్లాసు మంచినీళ్లతో వేసుకుని, అరగంట దాకా పడుకోకుండా, మరేమీ తాగకుండా ఉంటున్నారా?

మీకు థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే కదా. రెండూ ఒకే గుక్కలో వేసేసుకుంటున్నారేమోనని నా అనుమానం, చాలామంది అలాగే చేస్తారు. వారంలో ఆ ఒక్కరోజు ముందు ఎముకల మాత్ర, కనీసం అరగంట ఆగి థైరాయిడ్ మాత్ర, ఆ తర్వాత ఇంకో అరగంటకో గంటకో కాఫీ, టిఫిను. కాల్షియానికీ థైరాయిడ్ మాత్రకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. అది ఏ రోజైనా సరే. రెండేళ్లంటే 104 మాత్రలు. ఎన్ని మానేశారో మనసులో ఒక్కసారి నిజాయితీగా లెక్కేసుకోండి, నాకు చెప్పక్కర్లేదు.

గ్యాస్ మాత్ర సంగతి నన్ను ఇంకా ఆపింది. ఏడాదిగా అన్నారు, అంటే ఎముకల మాత్ర మొదలైన ఏడాది తర్వాత. అలెండ్రోనేట్ కొందరికి అన్నవాహికని ఒరిపిడి పెట్టి మంట తెస్తుంది. ఆ మంటకే మీకు గ్యాస్ మాత్ర రాసి ఉంటే, ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు వాడుతున్నారన్నమాట. పైగా గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవాళ్లలో ఎముకలు విరగడం కొంత ఎక్కువగా కనిపించింది. కాల్షియం కార్బొనేట్ రకం కడుపులో ఆమ్లం లేకపోతే సరిగ్గా ఒంటబట్టదు, సిట్రేట్ రకానికి ఆ బాధ లేదు. మీ అంతట మీరు గ్యాస్ మాత్ర మానెయ్యకండి. ఇది ఎందుకు మొదలైంది, ఇంకా అవసరమా అని డాక్టరు గారిని అడగండి. మంట ఎముకల మాత్ర వల్లేనని తేలితే, నోటి మాత్ర వదిలి, ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే మందుకి మారడానికి అదొక్కటే చాలు, స్కోరు పేరు చెప్పక్కర్లేదు.

రక్తపరీక్షలు కొన్ని కావాలి. కాల్షియం, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోను, కిడ్నీల కోసం క్రియాటినిన్, రక్తకణాల లెక్క, రక్తంలో ప్రోటీన్ల పరీక్ష. థైరాయిడ్ డోసు సరిపోతోందా అని చెప్పే టీఎస్‌హెచ్ తప్పనిసరి. థైరాయిడ్ మాత్ర డోసు ఎక్కువై టీఎస్‌హెచ్ బాగా పడిపోతే, ఒక పక్క మనం పూడుస్తుంటే ఇంకో పక్క అది తవ్వుతుంటుంది. డోసు పదేళ్ల కింద కుదిర్చిందేనా, మధ్యలో ఎప్పుడైనా చూశారా? ఎముక తవ్వకం ఎంత జోరుగా ఉందో చెప్పే సీటీఎక్స్ అనే పరీక్ష కూడా ఉంది. పొద్దున పరగడుపున ఇవ్వాలి. మాత్ర సరిగ్గా లోపలికి వెళ్తుంటే అది బాగా తక్కువగా ఉండాలి. ఎక్కువగా వచ్చిందంటే మాత్ర సరిగ్గా వేసుకోవడం లేదు, లేదా ఒంటబట్టడం లేదు, లేదా లోపల వేరే కారణం ఉంది. రెండేళ్లు ఆగి స్కాన్ చెప్పే సంగతిని ఇది ఒక్క పూటలో చెప్తుంది. జుట్టుకనీ గోళ్లకనీ బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, అవి ఇలాంటి పరీక్షల్ని తప్పుదోవ పట్టిస్తాయి.

ఇప్పుడు మందుల దగ్గరికి వద్దాం. ఎక్స్‌రేలో పూసలు బాగుండి, సీటీఎక్స్ తక్కువగా ఉంటే ఏమీ మార్చకండి. మార్చకపోవడం కూడా చికిత్సే. అదే మాత్ర, పద్ధతిగా. పూసలు బాగున్నా మాత్ర పడకపోతే, లేదా వారం వారం ఈ తంతు మీ వల్ల కాకపోతే, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ నాకు నచ్చిన దారి. అలెండ్రోనేట్ జాతిదే, కాకపోతే కడుపుతో పని లేదు, నేరుగా రక్తంలోకి వెళ్తుంది. మొదటిసారి చాలామందికి ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. నీళ్లు బాగా తాగి ఒక పారాసెటమాల్ వేసుకుంటే గడిచిపోతుంది. విటమిన్ డి తక్కువుంటే ముందు అది సరిచెయ్యాలి, కిడ్నీలు బాగా బలహీనంగా ఉంటే ఇది పనికిరాదు.

మీ వదిన గారి ఆరు నెలల ఇంజెక్షన్ డెనోసుమాబ్ అయ్యుంటుంది. ఆవిడన్నది నిజమే, బాగా పనిచేస్తుంది. వాడినన్నాళ్లూ, పదేళ్ల దాకా కూడా సాంద్రత పెరుగుతూనే పోతుందని తేలింది. మీ స్కోరు బెంగ తీర్చడానికి దీన్ని మించింది లేనట్టే ఉంటుంది. కానీ ఇది పులి మీద స్వారీ. ఆపేస్తే అన్నాళ్లూ ఆగి ఉన్న తవ్వకం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఏడాది తిరిగేసరికి పెరిగిందంతా కరిగిపోతుంది, కొందరికి రెండు మూడు వెన్నుపూసలు వరసగా విరిగాయి కూడా. అందుకే తేదీ నెల రోజులకి మించి దాటకూడదు. మానెయ్యాలంటే దాని వెనకే జోలెడ్రోనిక్ యాసిడో అలెండ్రోనేటో అందుకోవాలి. దయచేసి ఇది చదివి వదిన గారిని భయపెట్టి మాన్పించకండి! తర్వాతి ఇంజెక్షన్ ఎప్పుడో అడిగి, ఆ తేదీ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాయించండి. ఊళ్లు తిరుగుతూ, నెలలు మరిచిపోయే మనుషులకి నేను ఈ మందు తేలిగ్గా రాయను.

ఎక్స్‌రేలో కుంగిన పూస కనబడితే కథ వేరు. అది మాత్రలు మొదలెట్టకముందే కుంగిందా, తర్వాతా అన్నది పాత ఫిల్ము ఉంటే తెలుస్తుంది. ముందుదే అయితే మాత్ర ఓడిపోయిందని కాదు, మీ ఎముకలు మనం అనుకున్నదానికంటే బలహీనంగా ఉన్నాయని. ఎప్పటిదైనా సరే, అప్పుడు చిల్లు పూడ్చడం చాలదు, కుండలో నీళ్లు పొయ్యాలి. ఆ పని చేసేది మీ డాక్టరు గారు చెప్పిన మూడో రకం, రోజూ పొట్ట మీదో తొడ మీదో పొడుచుకునే టెరిపారాటైడ్. రోజుకి 20 మైక్రోగ్రాములు, మొత్తం రెండేళ్లకి మించకుండా. వెన్నుపూసలు విరిగిన ఆడవాళ్లలో దీన్ని మాత్రలతో ముఖాముఖి పోల్చిన పరిశోధన 2018లో వచ్చింది. రెండేళ్లలో కొత్తగా పూస విరిగినవాళ్లు అలెండ్రోనేట్ జాతిదే అయిన రైసెడ్రోనేట్ మాత్రల మీద నూటికి 12 మంది, టెరిపారాటైడ్ మీద అయిదుగురు. రోజూ సూది అంటే మొదట బెదురుతారు గానీ అది పెన్నులా ఉంటుంది, వారంలో అలవాటైపోతుంది. మొదటి రోజుల్లో కళ్లు తిరగొచ్చు, అందుకని కూర్చుని చేసుకోవాలి. రక్తంలో కాల్షియం ఎక్కువున్నవాళ్లకి, ఎముకలకి రేడియేషన్ తగిలినవాళ్లకి ఇవ్వరు. ఇదే కోవలో నెలకోసారి, ఏడాది పాటు చేసే రోమోసోజుమాబ్ కూడా ఉంది. గడిచిన ఏడాదిలో గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకి మాత్రం అది కూడదు. రెండిట్లో ఏది వాడినా కోర్సు అయిపోయాక పూడ్చే మందు వెయ్యాలి. లేకపోతే పోసిన నీళ్లు పోసినట్టే పోతాయి.

నేను ఎక్స్‌రే ఎక్స్‌రే అని ఎందుకు పట్టుబడుతున్నానంటే ఇక్కడ వరస ముఖ్యం. ఎముక కట్టే మందు ముందు, పూడ్చే మందు తర్వాత అయితే ఫలితం బాగుంటుంది. మాత్రల తర్వాత టెరిపారాటైడ్‌కి మారినా పని జరుగుతుంది, మీకు ఆలస్యం కాలేదు. కానీ ఆరు నెలల ఇంజెక్షన్ కొన్నాళ్లు వాడి అక్కణ్నించి టెరిపారాటైడ్‌కి మారితే తుంటి ఎముక మొదట్లో తగ్గుతుంది. ఎక్స్‌రే తీయకుండా ఈ నెలలో ఆ ఇంజెక్షన్ మొదలెట్టి, ఏడాది తర్వాత విరిగిన పూస బయటపడితే, మంచి దారిని మన చేతులారా మూసుకున్నట్టవుతుంది.

మీ అబ్బాయి చదివింది అబద్ధం కాదు, కొలత తప్పింది. దవడ ఎముక దెబ్బతినడం క్యాన్సర్‌కి ఇచ్చే పెద్ద డోసుల్లో ఎక్కువ. ఆస్టియోపొరోసిస్ డోసులో ఏడాదికి పది వేల మందిలో ఒకరికి, ఆ లోపే. పీకాల్సిన పళ్లుంటే ఇంజెక్షన్‌కి ముందే పీకించుకోండి. తొడ ఎముక అరుదుగా విరిగే మాట కూడా నిజమే, అది ఏళ్లు గడిచేకొద్దీ పెరిగే ముప్పు. చాలామందికి విరగడానికి వారాల ముందు నించే గజ్జలోనో తొడలోనో సలుపు ఉంటుంది. అలాంటిది కనిపిస్తే వెంటనే ఎక్స్‌రే. మాత్రలకి అయిదేళ్ల తర్వాత, ఏడాది సెలైన్‌కి మూడేళ్ల తర్వాత, ముప్పు తక్కువున్నవాళ్లకి కొంతకాలం విరామం ఇస్తాం. మీరు రెండో ఏట, మైనస్ 2.6 తుంటితో ఉన్నారు. ఇప్పుడు మానేస్తే అరుదైనదానికి భయపడి రోజూ జరిగేదానికి తలుపు తీసినట్టే. తుంటి విరిగిన మనిషి మళ్లీ మునుపట్లా నడవడం ఎంత కష్టమో వార్డులో ఒక్కరోజు నిలబడితే తెలుస్తుంది.

వ్యాయామం విషయంలో మీ అబ్బాయి సగం కరెక్టు. ట్రైనర్ పక్కనుండి వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించిన ఆడవాళ్లలో ఎనిమిది నెలలకి వెన్ను సాంద్రత సుమారు 3 శాతం పెరిగిందని ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో తేలింది. అది మందుకి బదులుగా కాదు, మందుతో పాటు. మీరు ఎక్స్‌రే రాకముందు బరువుల జోలికి వెళ్లొద్దు. నడుం ముందుకి వంచే ఆసనాలు, పొట్ట తగ్గడానికి పడుకుని లేచే ఎక్సర్‌సైజులు అసలే వద్దు, కుంగిన పూసని అవి ఇంకా కుంగదీస్తాయి. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటింటి ప్లాట్‌ఫాం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, నడక, ఇవి ఈ రోజు నించే మొదలెట్టొచ్చు. కాల్షియం తిండితో మాత్రతో కలిపి రోజుకి 1000 నించి 1200 మిల్లీగ్రాములు చాలు, ఎక్కువైతే అదనంగా ఒరిగేదేమీ లేదు. బాత్‌రూంలో పట్టుకోడానికి ఒక కడ్డీ, రాత్రిపూట దారిలో చిన్న లైటు పెట్టించండి.

ఎత్తు కొలిచి, ఎక్స్‌రే, టీఎస్‌హెచ్, సీటీఎక్స్ చేతికొచ్చాక ఆ కాగితాలతోనే మీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లి, మూడు రకాల్లో ఏదో అప్పుడు తేల్చుకోండి. ఒక వారం రెండు వారాల పని. ఆ లోగా ఈ వారం మాత్ర మానకండి. ఇంకొకటి, పై అరలో సామాను అబ్బాయి చేత కింది అరలోకి దింపించండి. అందడం లేదు కదా అని మీరు స్టూలెక్కొద్దు.